ఆచారి గారు సరిదిద్దిన గిటారు

పదకొండేళ్ల కిందట, మాఘమాసంలో ఒక ఆదివారం సాయంత్రం, నందిగామ బైపాస్ పక్కన ఫంక్షన్ హాల్లో జరిగే పెళ్లి రిసెప్షనుకి జగ్గయ్యపేట ఆర్కెస్ట్రా తరఫున నన్ను బేస్ గిటారిస్టుగా వేశారు. వేశారు అనడం నా గౌరవం కోసం. నిజానికి ఆ సాయంత్రం నా ఉద్యోగానికి పరీక్ష పెట్టారు.

ఆర్కెస్ట్రాలో హోదాలు కలెక్టరాఫీసులో కన్నా గట్టిగా ఉంటాయి. అందరికన్నా పైన గాయని. ఆవిడ కింద కీబోర్డు, ఆ కింద రిథమ్ ప్యాడ్లు, ఆ కింద లీడ్ గిటారు. వీళ్లంతా భోంచేసి చేతులు కడుక్కున్నాక విస్తరి దొరికేవాడు బేస్ గిటారిస్టు. సౌండు బాక్సులు మోసేవాళ్లు మా కింద ఉండాలి గానీ, వాళ్లు రాకపోతే ప్రోగ్రాం ఆగిపోతుంది కాబట్టి వాళ్లు కూడా మాకు పైవాళ్లే.

తెలియని పాఠకుల కోసం చెబుతున్నాను. మామూలు గిటారుకి ఆరు సన్న తీగలుంటాయి. బేస్ గిటారుకి నాలుగే, కానీ లావు. బట్టలారేసే తీగకి పెద్దన్నయ్య అంత లావు. పాటకు అడుగున ఉండే మంద్రస్వరం దాని బాధ్యత. అది చెవికి వినపడదు, పొట్టకు తెలుస్తుంది. నా మొత్తం సర్వీసులో బాగా వాయించావని నన్ను మెచ్చుకున్నవాళ్లు ముగ్గురు. వాళ్లలో ఇద్దరు నన్ను లీడ్ గిటారు అనుకున్నారు. మూడోవాడు మా బావమరిది.

పరీక్ష ఎందుకొచ్చిందంటే, మా కీబోర్డు రాజేష్ అప్పుడే కొత్త వాయిద్యం కొన్నాడు. విమానం నడిపేవాడి ముందు కూడా అన్ని మీటలుండవు. దాని ఎడమ పక్క మీటలు నొక్కితే అచ్చం బేస్ గిటారులాగే మోగుతుంది. వాడు రిహార్సల్లో అందరి ముందూ, “శేషు గారూ, కుడిచేత్తో పాట, ఎడంచేత్తో బేసు నేనే లాగించేస్తా. అన్నకి రెస్టు ఇద్దాం” అన్నాడు.

శేషు గారు మా ట్రూపు లీడరు. మా వ్యానుకి ఎనిమిది సీట్లు, మేము తొమ్మిది మందిమి. తొమ్మిదోవాణ్ణి నేను. ఊరూరికీ స్పీకరు బాక్సు మీద కూర్చుని తిరిగేవాణ్ణి. ఒక మనిషి తగ్గుతాడనగానే శేషు గారి ముఖంలో లైటింగు మారిపోయింది.

“ఒరే మురళీ, నందిగామలో తేల్చేద్దాం. మొదటి సగం నువ్వు వాయించు. రెండో సగం వీడి ఎడంచెయ్యి వాయిస్తది. ఏది బాగుంటే అది ఉంటది” అన్నారు.

పదిహేనేళ్ల సర్వీసున్న మనిషిని ఒక చేతితో, అదీ ఎడంచేతితో పోటీకి నిలబెట్టారు.

అప్పటికి నా చేతిలో గిటారు లేదు. పాత కంపెనీ గిటారుని అంతకుముందు ఎండాకాలంలో వ్యానులో మరిచిపోయాను. మా ఊరి ఎండకి దాని మెడ విల్లులా వంగింది. ఆ మెడ లోపల ఒక ఇనుప రాడ్డు ఉంటుంది. దాని చివర మరను పావు చుట్టు తిప్పి, ఒక రోజు ఆగి, మళ్లీ చూసుకోవాలి. అది పద్ధతి. మర్నాడు ప్రోగ్రాం ఉందని నేను ఒకే పూట రెండు చుట్లు తిప్పాను. మెడ ఫటుక్కుమంది. మా వీధిలో నలుగురు టైరు పేలిందనుకుని బయటికొచ్చారు.

అప్పటినుంచి అరువు గిటార్లతో నెట్టుకొచ్చి, చివరికి మా ఊరి వడ్రంగి ఆచారి గారి దగ్గరికి వెళ్లాను. ద్వారబంధాలు, తలుపులు చేయడంలో ఆయన్ని మించినవాడు కృష్ణకి ఈ ఒడ్డున లేడు, ఆ ఒడ్డున కూడా లేడని ఆయనే చెబుతారు. ఆయన బిగించిన తలుపు సందులో చీమ దూరాలంటే ఊపిరి బిగబట్టాలి. గిటారు మాత్రం ఎప్పుడూ చేయలేదు. పాతది నమూనాగా ఇచ్చి, ఇలాగే టేకుతో చేయమన్నాను. బిరడాలు, తీగలు ఆనే వంతెన, తీగ కదలికను కరెంటుగా మార్చే పికప్‌లు పాతవాటినే ఊడదీసి కొత్తదానికి వేయమన్నాను. ఆయన వేదాద్రిలో ఒక పాత ఇంటి నుంచి తెచ్చిన టేకు తలుపు చెక్క తీశారు. కొలతలన్నీ తీసుకున్నాక, పాత గిటారు మెడలో రాడ్డు ఎలా పెట్టారో చూడాలని దాన్ని నిలువునా కోసి, ఆ రాడ్డునే కొత్తదాంట్లో పెట్టారు. ఇక వెనక్కి తిరిగే దారి లేదు.

ప్రోగ్రాంకి ముందు రోజు, శనివారం పొద్దున, తీగలు ఉడకబెట్టాను. ఇది వృత్తి రహస్యమేమీ కాదు. బేస్ తీగ మీద మరో సన్న తీగ చుట్టి ఉంటుంది. ఆ చుట్ల మధ్య చేతి జిడ్డు పేరుకుంటే తీగ మొద్దుబారుతుంది. పది నిమిషాలు మరిగే నీళ్లలో ఉడికించి, తుడిచి ఆరబెడితే కొన్నాళ్లపాటు కొత్త తీగలా పలుకుతుంది. మా ఆవిడ ఇడ్లీ గిన్నెలోకి తొంగి చూసి, “ఇయ్యి ఉడికినయ్యో లేదో ఎట్టా తెలుస్తదండీ? పట్టుకుని చూడాలా, తిని చూడాలా?” అంది.

మధ్యాహ్నం ఆచారి గారు దుప్పట్లో చుట్టి గిటారు తెచ్చారు. తేనె రంగు పాలిష్, చెక్క మీద నీటి అలల్లాంటి చారలు. బరువు మా బావమరిదంత. తీగలు బిగించి, స్పీకరుకి తగిలించి, మెడ మీద అడ్డంగా కొట్టిన లోహపు మెట్లలో దేన్నీ నొక్కకుండా లావు తీగ మీటాను. వంటింట్లో డబ్బాలు మోగాయి. ఎదురింటి కుక్క లేచి నిలబడింది. అలాంటి నాదం కంపెనీ గిటారు కలలో కూడా ఇవ్వలేదు.

తర్వాత మొదటి మెట్టు నొక్కాను. ఏదో తేడా. మూడోది నొక్కాను. తేడా పెరిగింది. పన్నెండోది నొక్కితే తొమ్మిదో స్వరం పలికింది, అది కూడా ఇష్టం లేనట్టు పలికింది. కిందకి చూస్తే అప్పుడు కనిపించింది. మెడ మీద ఇరవై మెట్లు, సైనికుల్లా, ఒక్కొక్కటి ఒకే దూరంలో నిలబడి ఉన్నాయి. ఏ గిటారుకైనా మెట్లు కిందకి వచ్చేకొద్దీ దగ్గరపడాలి.

“ఆచారి గారూ, మెట్లు ఇట్లా వేశారేంటండీ?”

ఆయన ఈ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు కండువా సర్దుకున్నారు. “చూశారా? మీరు గమనిస్తారో లేదో అనుకున్నా. పాతదాంట్లో మెట్లన్నీ వంకర లెక్కండి. మొదట్లో దర్జాగా ఎడం ఎడంగా కొట్టాడు. చివరికొచ్చేసరికి చోటు చాలక ఇరికించాడు. ఇంత పేరున్న కంపెనీవాడు అట్టా చేయొచ్చా? మొత్తం కొలిచి, ఇరవైకి సమానంగా పంచా.”

“అది అట్లాగే ఉండాలండీ!”

“ఎందుకుండాలి? నిచ్చెన మెట్లు పైకెళ్లేకొద్దీ ఇరుకవుతాయా?”

పదిహేనేళ్లుగా ఆ మెట్ల మీద వేళ్లు పరిగెత్తించిన నాకు అవి ఎందుకు దగ్గరపడతాయో తెలియదు. ఎప్పుడూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఆచారి గారి లెక్క ప్రకారం మొత్తం మెడ మీద సరిగా పలికేవి రెండే చోట్లు. ఒకటి ఏ మెట్టూ నొక్కని ఖాళీ తీగ, రెండోది ఆఖరి మెట్టు. ఆ రెండు స్వరాలతో మూడు గంటల రిసెప్షను నడపాలంటే పెళ్లివాళ్లు చాలా మంచివాళ్లై ఉండాలి.

ఆదివారం పొద్దున నందిగామ బస్సెక్కాను. అక్కడ డేవిడ్ గారని హైస్కూలు లెక్కల మాస్టారు ఉన్నారు. ఆదివారాలు చర్చిలో బేస్ వాయిస్తారు. హైదరాబాదులో కొలతలిచ్చి చేయించుకున్న గిటారు ఆయనది. కాళ్లు పట్టుకునైనా ఒక్క పూటకి దాన్ని అడిగి తేవాలని నా ఆలోచన. ఆచారి గారు కూడా వచ్చారు. హైదరాబాదువాడూ అదే తప్పు చేశాడో లేదో తేల్చుకోవాలని ఆయన ఆలోచన. జేబులో కొలత టేపు, సంచిలో ఉలి, పట్టకారు. కండక్టరు దుప్పటి మూటని చూసి, “పెద్దాయనా, అది మనిషా, సామానా?” అని అడిగి, సామానని నేను రెండుసార్లు ఒట్టేశాక విజిలేశాడు.

ప్రార్థన అయ్యాక డేవిడ్ గారు ఇంట్లో గిటారు తీసి చూపించారు. కొలతలిచ్చి చేయించుకోవడమంటే ఏమిటో అప్పుడు అర్థమైంది. పొట్ట తగిలేచోట వంపు, చెయ్యి ఆనేచోట నున్నటి జారుడు, బరువు నాదాంట్లో సగం. నాది మోగితే గోడలు కదులుతాయి, ఆయనది మోగితే ప్రతి స్వరం దేనికదే బియ్యపు గింజలా విడివిడిగా పలుకుతుంది. పుచ్చుకోబోయి ఆగిపోయాను. తీగలు తల్లకిందులుగా ఉన్నాయి.

“నాది ఎడంచేతి వాటం కదండీ మురళి గారూ, మర్చిపోయారా?” అన్నారాయన నవ్వుతూ.

ఎటు తిరిగినా ఎడంచెయ్యే. ఆ వారం నా జాతకం మొత్తం దాని చేతిలో పెట్టినట్టుంది.

ఈలోపు ఆచారి గారు టేపు తీసి డేవిడ్ గారి గిటారు కొలిచేశారు. “ఇదిగో, వీడూ ఇరికించాడు” అన్నారు విజయంతో. డేవిడ్ గారు కోప్పడలేదు. ముప్ఫై మంది పిల్లల తప్పులు రోజూ దిద్దే మనిషి. “ఆచారి గారూ, తీగని సరిగ్గా సగానికి నొక్కితే అదే స్వరం పై స్థాయిలో పలకాలండీ. అది పన్నెండో మెట్టు. నాదాంట్లో అటెంత, ఇటెంత కొలవండి” అన్నారు. అటు పదిహేడు అంగుళాలు, ఇటు పదిహేడు. “ఇప్పుడు మీదాంట్లో కొలవండి.” అటు పద్నాలుగు, ఇటు ఇరవై. “మెట్టు మెట్టుకీ మిగిలిన తీగ తగ్గుతా ఉంటది కదా, ఆ మిగిలినదాంట్లోనే ప్రతిసారీ ఒకే వంతు చొప్పున జరగాలి. అందుకే జరిగే దూరమూ తగ్గుద్ది.”

ఆచారి గారు మళ్లీ కొలిచారు. టేపు తిరగేసి కొలిచారు. టేపు చుట్టి జేబులో పెట్టుకున్నారు.

“అయితే కంపెనీవాడు తెలిసే చేశాడంటారు.”

“తెలిసే చేశాడండీ.”

ఆయన నా వైపు తిరిగారు. “ఈ ముక్క ముందే చెప్పొచ్చు కదా మురళి గారూ!”

నాకూ ఇప్పుడే తెలిసిందని ఒప్పుకున్నాను. దాంతో ఇద్దరి పరువూ సమానంగా పోయింది.

దారి కూడా డేవిడ్ గారే చెప్పారు. మెట్లు పీకేయాలి. మెట్లు లేని బేస్ గిటారు కొత్త విషయమేమీ కాదు, వయొలిన్ లాగా స్వరం ఎక్కడుందో వేలే వెతుక్కోవాలి. ఆచారి గారు పట్టకారు తీసి, పన్ను పీకినట్టు ఇరవై మెట్లూ పీకారు. గాట్లలో టేకు పొడి, జిగురు కలిపి కూరి, డాబా మీద ఎండబెట్టి, గరుకు కాగితంతో రుద్దారు. రెండు గిటార్లకీ తీగ పొడవు ఒకటే కాబట్టి డేవిడ్ గారిదాన్ని పక్కన పెట్టి, అసలు మెట్లుండాల్సిన చోట్ల పెన్సిల్‌తో గీతలు గీశారు. ఆ మధ్యాహ్నం ఆయన అన్నం ముట్టలేదు. ఈ గిటారు స్టేజీ మీద పలకకపోతే నాకు ఉద్యోగం పోతుంది. ఆయనకు పేరు పోతుంది.

ఏడు గంటలకు ప్రోగ్రాం మొదలైంది. మొదటి పాటలో నేను వేసిన ప్రతి స్వరమూ కొంచెం కిందకి జారింది. మెట్లున్న గిటారుకి మెట్టు వెనక నొక్కాలి. మెట్లు లేనిదానికి సరిగ్గా గీత మీదే నొక్కాలి. పదిహేనేళ్ల అలవాటు వేలిని గీత వెనక్కే లాక్కెళ్లింది. మా గాయని పద్మజ గారు పాడుతూ వెనక్కి తిరిగి ఒక చూపు చూశారు. మరో చూపు చూసుంటే నా చొక్కా అంటుకునేది. రెండో పాటకి వేళ్లు ముందుకు జరిపాను, స్వరం కుదిరింది. మూడో పాటకి ఇంకో చిక్కు వచ్చింది. స్టేజీ లైట్ల వేడికి చేతులు చెమటపట్టి, పెన్సిల్ గీతలు చెరిగి నా వేళ్లకు అంటుకున్నాయి. మిగిలినవి చెవులే. పదిహేనేళ్లలో మొదటిసారి గాయని ఏం పాడుతోందో విన్నాను. బాగానే పాడుతోంది. ఆవిడ స్వరం ఎటు జారితే నా స్వరమూ అటు జారింది. టేకు చెక్క అడవిపందిలా గుర్రుమంది. ముందు వరసలో పాయసం గ్లాసులు వాటంతటవే కదలడం ఆచారి గారు కళ్లారా చూశానన్నారు.

రెండో సగం రాజేష్ వాయించాడు. తప్పులేం చేయలేదు. కానీ ఎడంచెయ్యి బేస్ పనిలో ఉంటే కుడిచెయ్యి పాటలో హంగులు సగం వదిలేయాల్సి వచ్చింది, కుడిచెయ్యి హంగులకు ఎగబడితే ఎడంచెయ్యి తాళం కోసం తడుముకుంది.

ప్రోగ్రాం అయ్యాక శేషు గారు గాయని అభిప్రాయం అడిగారు. ఆర్కెస్ట్రాలో అది హైకోర్టు. పద్మజ గారు టీ తాగుతూ నింపాదిగా చెప్పారు. “మొదటి సగంలో పాట కింద నేల కాస్త వంకరగా ఉందండీ. రెండో సగంలో నేలే లేదు. నాకు వంకర నేలైనా ఫర్లేదు. మురళి గారిని ఉంచండి.”

రాజేష్ ఎడంచెయ్యి విదిలించుకుంటూ, “అమ్మయ్య, చెయ్యి పడిపోయిందన్నా” అన్నాడు. నాకన్నా వాడే ఎక్కువ సంతోషించాడు. ఆచారి గారితో మాత్రం ఎవరూ సంగీతం గురించి మాట్లాడలేదు. పెళ్లికూతురి తండ్రి వచ్చి, ఆ పాలిష్ ఎక్కడ వేయించారని అడిగి, రెండు తలుపులకు మాట తీసుకున్నాడు.

ఆ తర్వాత ఆచారి గారు నాకు పనస చెక్కతో ఇంకో గిటారు చేశారు. మెట్లు డేవిడ్ గారు లెక్క రాసిచ్చిన కాగితం ప్రకారమే కొట్టారు, నూలుపోగంత కూడా తేడా లేదు. తేలిక, తియ్యటి నాదం, ఎండాకాలం మెడ తక్కువ వంగుతుంది. టేకుది ప్రతి వేసవికీ అలుగుతుంది, పావు చుట్టు తిప్పి ఒక రోజు బతిమాలాలి. అయినా రిటైరయ్యేవరకు ప్రోగ్రాములకు దాన్నే మోశాను. నా ఎడమ భుజం కుడిదానికన్నా అంగుళం కిందుంటుంది, ఇప్పటికీ మా టైలరు రెండు భుజాలకీ వేరువేరుగా కొలత తీసుకుంటాడు.

ఈ ఉదంతం వల్ల నేను నేర్చుకున్నది ఇది. చేతగాని వడ్రంగికి నమూనా ఇస్తే ఉన్నదాన్ని ఉన్నట్టు దించేస్తాడు. పనిమంతుడికి ఇస్తే అందులో తప్పు వెతికి దిద్దుతాడు, అది తప్పు కాకపోయినా సరే. అందుకే పనిమంతుడికి కొలతతోపాటు కారణం కూడా చెప్పాలి. చెప్పాలంటే ముందు అది మనకు తెలిసుండాలి.