కవర్ సారు

మొన్న ఆదివారం పొద్దున నాగర్‌కర్నూల్ నుంచి ఒక బస్సు కండక్టరు ఫోన్ చేశాడు. "అమ్మా, మన కవర్ సారు పోయిండు" అన్నాడు. ఒక విలేకరి పోయిన కబురు తోటి విలేకరుల కంటే ముందు కండక్టరుకు తెలియడం మీకు వింతగా ఉండొచ్చు. నాకైతే ముందు గర్వంగా అనిపించింది. తర్వాత కూర్చొని ఏడ్చాను.

నాలాంటి పల్లెటూరి ఆడపిల్లకు వార్త రాయడం నేర్పిన గురువు ఆయన. కంప్యూటర్లు ఇంకా మా దాకా రాని రోజులవి. రాసిన వార్తలన్నీ ఒక కవర్లో పెట్టి, పైన ఎర్ర సిరాతో 'అర్జంటు వార్తలు' అని రాసి, సాయంత్రం మహబూబ్‌నగర్ బస్సులో కండక్టరు చేతికిచ్చేవాళ్లం. అక్కడ ఆఫీసు మనిషి వచ్చి తీసుకునేవాడు. ఆ బస్సు తప్పిందా, తెల్లారి పేపర్లో మా ఊళ్లు లేనట్టే. సారు పరుగులాంటి నడకతో బస్టాండులోకి వస్తుంటే "కవర్ సారొస్తుండు, జర ఆగుండ్రి" అని బస్టాండులోని జనం కేకేసేవారు. ఆయన మాత్రం కవరు ఇచ్చాక కూడా, బస్సు మూల తిరిగేదాకా అక్కడే నిలబడేవారు, బిడ్డను అత్తారింటికి సాగనంపినట్టు.

ఆ ఒక్క ఇంగ్లీషు మాట రోజంతా ఆయన వెంట తిరిగేది. పొద్దున్నే ఆఫీసు ఫోను: ఫలానా మీటింగ్ కవర్ చేశారా? మధ్యాహ్నం, జరిగిన తప్పును కవర్ చేసుకోవడానికి పెద్ద మనుషులు పెట్టే ప్రెస్‌మీట్. సాయంత్రం బస్సు కవరు. ఇల్లు చేరేసరికి గుమ్మంలోనే భార్య: "కూరగాయల కవరేది?" అది మాత్రం రోజూ మర్చిపోయేవారు. ఇంకో కవరు సంగతి నేను చేరిన రోజే చెప్పారు. "బిడ్డా, పంపే కవరు, పట్టే కవరు ఒక్క చేతుల ఇమడవు. ఏది కావాల్నో నువ్వే చూస్కో."

ఒక వానాకాలం నల్లమలలో చెంచుల పెంట ఒకటి జ్వరాలతో మంచం పట్టింది. పెంట అంటే అడవిలో గుప్పెడు గుడిసెల పల్లె. సారు నన్ను వెంటబెట్టుకొని వెళ్లారు. అక్కడ కొత్తగా కట్టిన దవాఖాన గదికి తాళం. కప్పు కారి, గోడలు పగిలి, నర్సు రావడమే మానేసింది. ఒళ్లు కాలిపోతున్న బిడ్డను ఒళ్లో వేసుకున్న తల్లి అడిగింది: "పేపర్ల రాస్తె డాక్టరొస్తడా అయ్యా?"

"రావాలె తల్లీ" అన్నారు సారు. వస్తాడని మాత్రం అనలేదు.

మేం తిరిగొచ్చేసరికి ఆ గది కట్టిన కాంట్రాక్టరు మా ఆఫీసులో కూర్చొని ఉన్నాడు. "సారూ, గీ వార్త జర ఆపుండ్రి. పిల్లలకు బట్టలు కొనుండ్రి" అంటూ లావుపాటి కవరు బల్ల మీద పెట్టాడు. సారు నింపాదిగా కవరు తీసుకున్నారు. లోపలి నోట్లు లాగి అతని జేబులోనే కుక్కారు. ఖాళీ కవరును అటూ ఇటూ తిప్పి చూసి, "కవర్ మాత్రం గట్టిగుంది. వానకు తడ్వదు. గిది నేనుంచుకుంట" అన్నారు. అతని కళ్ల ముందే అందులో దారిలోనే రాసుకొచ్చిన పెంట వార్త పెట్టి, అంటించి, ఎర్ర సిరాతో రాసి నా చేతికిచ్చారు.

"ఉరుకు బిడ్డా, బస్సు పోతది!"

ఆ ఉరుకు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. కదిలే బస్సు ఫుట్‌బోర్డు మీద నుంచి వంగి కండక్టరు కవరు అందుకున్నాడు. ఇప్పుడు మీట నొక్కితే వార్త వెళ్లిపోతుంది. మంచిదే, నేనూ నొక్కుతున్నాను. కానీ ఆ ఆయాసం రాదు.

తెల్లారి జిల్లా పేజీలో వార్త వచ్చింది. మధ్యాహ్నానికల్లా డాక్టర్ల జీపు అడవి బాట పట్టింది. వెనకే మేమూ వెళ్లాం. ఆ బిడ్డకు సెలైన్ ఎక్కించాలి. సీసా తగిలించడానికి గుడిసెలో ఒక కొక్కెం కూడా లేదు. సారు సీసా అందుకొని, చెయ్యి పైకెత్తి నిలబడ్డారు.

"సార్, మరి వార్త?" అన్నాను.

"నువ్వు రాయ్ బిడ్డా. నా చెయ్యి ఖాళీ లేదు."

నా మొదటి వార్త ఆ గడప దగ్గర కూర్చొని రాశాను. తలెత్తినప్పుడల్లా ఆయనే కనిపించారు. రెండో చేత్తో మోచెయ్యి ఆనించుకొని, సీసా దించకుండా, బొట్టు బొట్టుగా దిగుతున్న మందునే చూస్తూ.