కోటేశ్వరి మోకాలికి పొట్లం మడత

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. నరసరావుపేటలో కిరాణా కొట్టు గడప మీద పెరిగినదాన్ని. కాటాలో వేసి చూడనిది ఏదీ నమ్మొద్దని మా నాన్న నేర్పాడు. ఈ ఒక్కటి మాత్రం కాటాకు అందలేదు.

నేను చదివింది ఆటగాళ్ల గాయాలకు సంబంధించిన ఐదేళ్ల కోర్సు. డిగ్రీ, పీజీ అందులోనే కలిసి ఉంటాయి. విడివిడిగా చదవడం కంటే ఒక ఏడాది మిగులుతుందని చేరాను. చదువును కూడా బేరమాడి తెచ్చుకున్నానని ఇంట్లో గొప్పలు చెప్పుకున్నాను. దెబ్బ తగిలితే మైదానంలోనే చూడటం, టేపు కట్టడం, మళ్లీ ఎప్పుడు ఆడొచ్చో చెప్పడం మా పని.

నాలుగో ఏడాది శిక్షణకు మాచర్లలో ఆడపిల్లల కబడ్డీ జట్టుకు వేశారు. టేపు చివర అంటించేటప్పుడు, కొట్లో పొట్లం కట్టినట్టు రెండు మూలలూ లోపలికి మడిచి దోపేదాన్ని. కాలేజీలో సార్ ఎన్నిసార్లు తిట్టినా నా చెయ్యి మారలేదు. జట్టులో పిల్లలు దాన్ని శెట్టిగారి మడత అనేవాళ్లు.

వాళ్లలో కోటేశ్వరి దాచేపల్లి పిల్ల. తండ్రి సిమెంటు లారీ డ్రైవరు. రాష్ట్ర జట్టుకు ఎంపికైతే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తుందని ఇంటిల్లిపాదీ ఆశ. సెలెక్షన్లు నెల ఉన్నాయనగా ప్రాక్టీసులో ఎడమ మోకాలు మెలిపడింది. ఆ మోకాలి కింద బండి సైలెన్సర్ తగిలి కాలిన మచ్చ ఒకటి ఉండేది. స్కానింగు చూసి సార్ ఆరు వారాలు ఆడకూడదన్నారు. ఆ మాట చెప్పడం నా వంతు.

ఆటగాళ్లు ఎప్పుడూ తగ్గించమనే అడుగుతారు. అందుకని రెండు వారాలు కలిపి చెప్పడం నాకు అలవాటు. ఎనిమిది అన్నాను.

“ఎనిమిదేందక్కా, చీర రేటు చెప్పినట్టు. రెండు చెయ్యి.”

“ఆరు. అంతకంటే తగ్గదు.”

“మూడు. మోకాలు నాది, నీకేం పోయిద్ది?”

“ఆరంటే ఆరేనే.”

“అయితే ఒద్దులే. ఇంకో డాక్టర్ని చూసుకుంటా.”

కుంటుకుంటూ లేచి వెళ్లిపోయింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. కొట్లో పెరిగినవాళ్లకు ఆ నాలుగడుగులు తెలుసు. ఐదో అడుగు పడేలోపు గిరాకీని వెనక్కి పిలవాలి. నేను ఆలోచించలేదు. నోరే పిలిచింది.

“ఇట్రా. నాలుగు చేసుకో, పో.”

ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. బేరం కుదిరినప్పుడు ఇద్దరికీ వచ్చే నవ్వు అది. సార్ ఫోన్ చేస్తే, ఆరు వారాలనే చెప్పానన్నాను.

నాలుగు వారాలకు టేపు కట్టి సెలెక్షన్లకు పంపింది నేనే. రెండో కూతకే మోకాలు పట్టు తప్పింది. కూత మధ్యలో అరుపయింది. లిగమెంటు పూర్తిగా తెగింది. ఆ టేపును నేనే కత్తెరతో కోసి చెత్తలో వేశాను. పదకొండు రోజుల తర్వాత గుంటూరులో ఆపరేషన్ పెట్టారు. వెళ్లడానికి మొహం చెల్లక, మాచర్లలో మ్యాచ్ ఉందని సాకు చెప్పి ఆగిపోయాను.

ఆ రోజు ఉదయం తొమ్మిది గంటలు. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. మైదానం పక్కన నేను టేపు కట్టే బల్ల మీదికి ఒకదాని తర్వాత ఒకటి కాళ్లు వస్తున్నాయి. నేను మొహాలు చూడను, కాళ్లే చూస్తాను. ఒక ఎడమ మోకాలు వచ్చింది. దాని కింద బండి సైలెన్సర్ తగిలి కాలిన పాత మచ్చ. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. చివర మడిచి దోపాను.

“ఎన్ని వారాలక్కా?”

“ఆరు,” అన్నాను, తలెత్తకుండానే.

“సరే.”

బేరం లేదు. అందుకే తలెత్తాను. బల్ల ముందు ఎవరూ లేరు. ఇప్పుడు లేచి వెళ్లింది ఎవరని వరసలో ముందున్న పిల్లను అడిగాను.

“ఎవరూ రాలేదక్కా. నువ్వే ఇందాకటి నుంచీ వంగి కూచున్నావు. కునుకు పట్టిందేమో అనుకున్నాం.”

అప్పుడే విప్పిన కొత్త టేపు చుట్టలో సగం లేదు. బల్ల కింద, సంచిలో వెతికాను. ముక్క కూడా దొరకలేదు.

మర్నాడు గుంటూరు వెళ్లాను. బస్సులో మూడు గంటల పైనే పట్టింది. కోటేశ్వరి మంచం మీద నిద్రపోతోంది. వాళ్లమ్మ నన్ను చూడగానే కాగితంలో చుట్టినదేదో తీసింది.

“నువ్వెప్పుడొచ్చి పోయావమ్మా? నిన్న ఎనిమిదింటికి కాలు కడిగినప్పుడు ఏం లేదంట. తొమ్మిదిన్నరకు ఆపరేషన్‌కి లోపలికి తీసకపోతా, ఈ పట్టీ ఎవరు కట్టారని నర్సమ్మ నన్ను చానా తిట్టింది. ఇది నీ మడతే గదా.”

తెల్లటి టేపు. మధ్యకు కోసి ఉంది. చివర రెండు మూలలూ లోపలికి దోపి ఉన్నాయి. ఆ మడత వేయడం జట్టులో ఎవరైనా నేర్చుకున్నారేమో అనుకుందామంటే, ఆ పొద్దున వాళ్లంతా మాచర్లలో నా కళ్ల ముందే ఉన్నారు.

వాళ్లమ్మ టీకి కిందికి వెళ్లింది. కోటేశ్వరి లేచాక, సార్ చెప్పింది ఆరు వారాలని, అందులో రెండు నేనే కోశానని చెప్పేశాను. ఆమె ఫ్యాను వైపు చూస్తూ అంది.

“ఆ నాలుగడుగులూ ఊరికే వేశానక్కా. నువ్వు పిలవకపోతే నేనే వెనక్కొచ్చేదాన్ని.”

మోకాలి మీది కట్టు వైపు చెయ్యి చూపించింది.

“ఇప్పుడెన్ని?”

“తొమ్మిది నెలలు.”

“సరే.”

బల్ల దగ్గర విన్న ‘సరే’ అదే. అదే గొంతు.

ఆ టేపు ఎవరు కట్టారో, అక్కడికి ఎలా చేరిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఆ ముక్క నా సంచిలోనే ఉంది. వారాలు తగ్గించమని అడిగి ఎవరైనా లేచి వెళ్తుంటే, దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంటాను. ఐదో అడుగు పడేదాకా నోరు విప్పను.