మలాకికి, మత్తయికి మధ్య ఉండాల్సిన కాగితం

మా తమ్ముడు ఈరోజు కావలిలో అవ్వ బైబిలుకు కొత్త బైండు చేయించి తెచ్చాడు. తెరవగానే గుప్పున జిగురు వాసన. నా ఈడు వాళ్లకు ఆ పాత బైబిళ్ల వాసన గుర్తుందా? మట్టల ఆదివారం నాడు చర్చిలో ఇస్తే పేజీల మధ్య దాచుకున్న ఎండుటాకులు, ట్రంకుపెట్టెలోని కలరా ఉండలు కలిసిన వాసన. పేజీల అంచుల ఎర్రరంగు మన వేళ్లకు అంటేది.

మలాకితో పాత నిబంధన అయిపోయి మత్తయితో కొత్తది మొదలయ్యేచోట ఒక ఖాళీ కాగితం ఉండేది. ఇంట్లో బిడ్డ పుడితే అందరూ అక్కడ పేరు రాసుకునేవాళ్లు. చదువురాని మా అవ్వ మాత్రం బొటనవేలికి కాటుక అద్దుకుని ఒక్కో బిడ్డకు ఒక్కో ముద్ర వేసేది. తర్వాత వేలు పెట్టి, "ఇది మీ నాయన, ఇది నువ్వు, ఇది నీ తమ్ముడు" అని చూపించేది. ఒక్కసారీ తప్పేది కాదు.

ఇప్పుడు ఆ కాగితం లేదు. ఏదిరా అని తమ్ముణ్ణి అడిగాను.

"ఆ మసి మరకల కాగితమా? నేనే తీసేయమన్నా అక్కా. చూడు, ఎంత నీటుగా ఉండాదో!"

ఒళ్లు మండింది. "ఆ మరకల్లో ఒకటి నువ్వేరా!" అని అరిచాను.

"ఏందక్కా, దాంట్లో ఒక్క అక్షరం కూడా లేదు గదా!" అన్నాడు.

లేదు. అంత లావు పుస్తకంలో మా అవ్వ చదవగలిగిన పేజీ అదొక్కటే.