దిగేవాళ్ళుంటే ఆపుతాం

ఊరంతా ఆమెను కత్తెరమ్మ అంటుంది. బట్టలు కుడుతుంది కాబట్టి అలా అంటున్నారని ఆమె అనుకుంటుంది. అసలు కారణం ఆమె నోరని అందరికీ తెలుసు గానీ, ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు.

ఆ ఊళ్ళో మనుషులున్న ఇళ్ళకన్నా తాళాలు పడ్డ ఇళ్ళే ఎక్కువ. జనం తగ్గారని బస్సు ఆగడం మానేసింది. బస్సు ఆగడం లేదని ఉన్న జనమూ మూటాముల్లే సర్దుకున్నారు. ఇప్పుడు కత్తెరమ్మ కోడలి వంతు వచ్చింది. లారీ మీద తిరిగే మొగుడు నెలకోసారి ఇంటికొస్తుంటే, ఇల్లు నెట్టుకురావడానికి ఆ పిల్ల టౌన్లో నూలు మిల్లులో చేరింది. బస్సు దొరక్క రోజూ ఆలస్యమే. ఇంకోసారి ఆలస్యమైతే పనిలోకి రావద్దని మేస్త్రీ తెగేసి చెప్పాడు.

"టౌన్లో గది చూసుకుంటానత్తయ్యా" అంది కోడలు.

"చూసుకో, చూసుకో! పోతూ పోతూ ఈ ఇంటికీ ఓ తాళం కొనిపెట్టి పో!" అని కత్తెరమ్మ కయ్యిమంది. పొద్దస్తమానం ఇద్దరికీ పోట్లాటే. అయినా ఆ పిల్ల లేని ఇంట్లో కుట్టుమిషను చప్పుడు ఒక్కటే వింటూ బతకడం తన వల్ల కాదు.

మర్నాడు ఇల్లిల్లూ తిరిగి, ఊళ్ళో మిగిలిన వాళ్ళందరినీ రోడ్డెక్కించింది. జనం లేరంటారా, చూసుకోండి! డ్రైవరు ఆ గుంపును చూసి, ఏదో గొడవనుకుని ఇంకా జోరుగా పోనిచ్చాడు. ఒకరిద్దరే ఉన్నారని ఆగని బస్సు, ఊరంతా నిలబడినా ఆగలేదు. ఇంతకన్నా చోద్యం ఎక్కడైనా ఉందా!

ఎవరి ట్రాక్టరో పట్టుకుని కత్తెరమ్మ డిపోకి వెళ్ళింది, అధికారిని నిలదీసింది. ఆయన ఫ్యాను కింద చల్లగా కూర్చుని, "అక్కడ ఎక్కేవాళ్ళ కోసం ఆపడం కుదరదమ్మా. దిగేవాళ్ళుంటే ఆపుతాం" అన్నాడు.

"దిగేవాళ్ళుంటే ఆపుతారుగా?"

"ఆపుతాం."

"మాట మీద ఉండండి మరి" అని లేచి వచ్చేసింది.

ఆ మర్నాటి నుంచి తెల్లవారగానే, బస్సు ముందుగా ఆగే పక్క ఊరిదాకా నడిచి, అక్కడ బస్సెక్కి, సొంత ఊళ్ళో దిగడం మొదలుపెట్టింది. అత్తగారు ముందు తలుపులోంచి దిగేలోపు కోడలు వెనక తలుపులోంచి ఎక్కేస్తుంది. చూసినవాళ్ళు కడుపుబ్బ నవ్వారు. నవ్వితే నవ్వారు, బస్సు ఆగిందా లేదా?

ఓ పొద్దున ముసురు పట్టింది. బురదలో నడిచి, మోకాళ్ళ దాకా తడిసి బస్సెక్కిన ఆమెను చూసి కండక్టరు మనసు కరిగింది.

"రేపట్నుంచి మీరు రాకండి పెద్దమ్మా. మీ కోడలు కనిపిస్తే నేనే బెల్లు కొడతాను."

మంచివాడే పాపం. కానీ కత్తెరమ్మకు ఒళ్ళు మండింది.

"నీ జాలి నాకెందుకు నాయనా? రేపు నిన్ను ఇంకో రూటుకి మారిస్తే నీ జాలీ నీతోనే పోతుంది. నాకు కావాల్సింది స్టాపు! అది ఇచ్చేదాకా నేను రోజూ ఎక్కుతా, రోజూ దిగుతా. నా కాళ్ళు, నా ఇష్టం. కొట్టు బెల్లు!"

బెల్లు మోగింది. బస్సు ఆగింది.

ఆ రోజు కోడలు వెనక తలుపు దగ్గరికి పోలేదు. ముందుకొచ్చి, దిగుతున్న అత్తగారికి గొడుగు పట్టింది.

"టౌన్లో చూసుకున్న గది వద్దని నిన్ననే చెప్పేశానత్తయ్యా. ఇక మీ నోరు భరించక తప్పదు" అంది.

కత్తెరమ్మకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపును మింగి, కోడలి చేతిలోంచి గొడుగు లాక్కుంది.

"ముందు ఎక్కవే! పోట్లాట సాయంత్రం పెట్టుకుందాం, బస్సు పోతోంది!"