అరువు తెచ్చుకున్న నడక

సినిమాలకు అడుగుల చప్పుడు చేసిపెట్టడం ఆయన వృత్తి. తెరమీద బొమ్మ నడుస్తుంటే, ఇసుక పరిచిన పళ్లెంలో తానూ నడిచి, ఆ ధ్వనిని పుష్పంలా మైకుకు సమర్పించేవాడు. ఈసారి ఒక హిందీ చిత్రంలో ఇల్లు విడిచిపోయే తల్లి నడక ఎంతకూ కుదరక, కుడికాలు కాస్త ఈడ్చే తన భార్య నడకను ఆమెకు చెప్పకుండానే అరువు తెచ్చుకున్నాడు. విడుదలనాడు హాల్లో పక్కన కూర్చున్న భార్య నొచ్చుకుంటుందేమోనని, తెరను మాని ఆమె ముఖమే చూశాడు. ఆ సన్నివేశానికి హాలంతా ధ్యానంలో మునిగినట్లయింది; ఎవరో వెక్కారు.

"ఏమండీ, అది నా నడకే కదూ?" అంది భార్య. ఆయన తలూపాడు. "చిన్నప్పుడు దీన్ని చూసి అందరూ నవ్వేవారండీ. ఏడ్చేవాళ్లూ ఉన్నారన్నమాట! అడక్కుండా ఎత్తుకెళ్లిన దొంగగారూ, ఇంటికి నడిచే వెళ్దాం పదండి."

ఆ సంధ్యలో ఆయన ఒక అడుగు వెనకగా, కళ్లు అరమూసి, వింటూ నడిచాడు.