ఏనుగు మోకరిల్లిన రాయి

మూడు లాంతర్ల కూడలిలో సోడా కొట్టు నడిపిన మా మావయ్య మొన్న మంగళవారం పోయాడు. ఆయన నన్ను కోరింది ఒక్కటే కోరిక. అదీ తీర్చలేకపోయాను. ఆ సంగతి చెప్పుకోకపోతే నాకు ముద్ద దిగడం లేదు.

విజయనగరానికి కొత్తవాళ్లెవరొచ్చినా కొట్టు పక్కవాడికి అప్పగించి, గంటస్తంభం నుంచి కోటగోడ దాకా తిప్పి చూపించేవాడు. ప్రతి మలుపుకీ ఒక కథ. అన్నీ పెద్దల దగ్గర విన్నవే, ఒక్కటి తప్ప. కొట్టు పక్కన నడుమెత్తు రాయి ఉంది. దారినపోయేవాళ్లంతా దాని చాటునే ఒంటేలుకు కూర్చునేవారు. కంపు భరించలేక, కుర్రతనంలో మావయ్యే ఒక కథ కట్టాడు. యుద్ధానికెళ్లిన రాజు ఇక రాడని తెలిసి, ఆయన ఏనుగు అక్కడే మోకరిల్లి ప్రాణం వదిలిందట.

కంపు పోయింది. పసుపు వచ్చింది, కుంకుమ వచ్చింది. పెళ్లి ఊరేగింపులు ఆగి నీళ్లు పోయడం మొదలైంది. మావయ్య మీసం చాటున నవ్వుకునేవాడు.

ఒకరోజు ఒకావిడ, జ్వరంతో కాలిపోతున్న పిల్లను రాయి ముందు పడుకోబెట్టి దండం పెడుతోంది. మావయ్య పరుగెత్తాడు.

"అమ్మా, ఆస్పత్రికి తీసికెళ్లు. ఏనుగూ లేదు, గీనుగూ లేదు. నానే కట్టిన కత ఇది!"

"తప్పు బావూ, అలాగనకు, కళ్లు పోతాయి," అని ఆవిడ చెంపలేసుకుంది.

చివరికి ఆయనే ఆటోలో తీసుకెళ్లాడు. పిల్ల బతికింది. ఆ పేరూ రాయికే దక్కింది.

అప్పట్నుంచి దొరికినవాళ్లందరికీ నిజం చెప్పేవాడు. "అబద్దం సెప్తే ఊరంతా ఇన్నార్రా. నిజం సెప్తంటే ఒక్కడికీ ఇనపడదేటి?" అని తల దించుకునేవాడు. మంచం పట్టాక నా చెయ్యి పట్టుకున్నాడు. "నన్ను మాత్రం ఆ రాయి కాడ దించొద్దురా. సచ్చాక కూడా ఆ సిగ్గు మొయ్యలేను." సరేనన్నాను.

పాడె కూడలికి రాగానే మోసేవాళ్లు ఆగారు. దింపుడు కళ్లానికి ఇంతకంటే మంచి చోటేదన్నారు. వద్దనడానికి నోరు తెరిచాను. దుకాణాలు మూసి ఊరంతా చేతులు జోడించి నిలబడి ఉంది. ఇంతమందిలో ఆయన్ని అబద్ధాలకోరని ఎలా అనను? మాట మింగేశాను. పిల్లల్లేని మనిషి కాబట్టి, మేనల్లుణ్ణి నన్నే చెవిలో పిలవమన్నారు. వంగి "మావా" అని మూడుసార్లు పిలిచాను. పలికితే బాగుండునని అందరూ ఏడుస్తున్నారు. పలుకుతాడేమోనని నాకు భయం వేసింది.

ఎవరో రాయి మీద బిందెడు నీళ్లు పోశారు. పాడె లేపి నాలుగడుగులు వేశాక వెనక్కి తిరిగి చూశాను. పాడె దించినచోట పసుపునీళ్లకు తడిసిన మట్టిలో వెదుళ్ల అచ్చులు పడి ఉన్నాయి. ఒక ముసలావిడ వంగి వాటిని కళ్లకద్దుకుంటోంది.