జానెడు తక్కువ బేస్

మా అన్నయ్య వడ్రంగి. ఎవరి బీరువా అయినా వాళ్ళింటి మెట్లు ఎక్కుతుందో లేదో కొలవకుండా పని మొదలుపెట్టేవాడు కాదు. అలాంటి మనిషి సొంత ముచ్చట దగ్గరికొచ్చేసరికి టేపు తీయడమే మర్చిపోయాడు. మనిషెత్తుకు మించిన డబుల్ బేస్ అనే తీగల వాయిద్యాన్ని మా మేడమీది గదిలో పాత ప్లైవుడ్డుతో చేసి కిందికి దించబోతే, అది మెట్ల మలుపులో ఇరుక్కుంది. కింద వాటా ఆవిడ చివాట్లు పెడుతుంటే మళ్ళీ పైకి లాక్కొచ్చి, మెడ జానెడు కోసేసి, తల అతికించాడు. నేను పడీపడీ నవ్వాను.

"నవ్వుకో. వాయించేటప్పుడు ఎవడూ మెడ కొలవడు," అన్నాడు.

అన్నయ్యతో కలిపి వాళ్ళ బ్యాండులో ముగ్గురే. పాడేది సెలూన్ నడిపే కుర్రాడు. నుదుటి మీద ఎత్తుగా దువ్విన జుట్టు వల్ల అందరూ అతన్ని క్రాపు అనేవాళ్ళు. గిటార్ వాయించేది ఒక ఎలక్ట్రీషియన్. డ్రమ్ములవాడు లేడు. పల్లెపాటల ఊపు కలిసిన పాతకాలపు రాక్ అండ్ రోల్ వాళ్ళ బాణీ, రాకబిల్లీ అంటారు. అందులో బేస్ తీగను లాగి వదిలితే అది చెక్కను ఠప్పున కొడుతుంది. ఆ దెబ్బే తాళం. అన్నయ్య అరచేయి తగిలీ తగిలీ బేస్ మెడ మీద పాలిష్ పోయి చెక్క తెల్లబడింది. వేళ్ళు పగిలితే తిట్టుకుంటూ ప్లాస్టరు చుట్టేదాన్ని నేనే. కానీ హాల్లో జనం లేచి గంతులేస్తుంటే, ఆ చప్పుడు మావాడిదని గర్వంగానూ ఉండేది. రోజంతా రంపం పట్టే మనిషికి అది తప్ప ఇంకో సంతోషం లేదు.

మెల్లగా పేరు వచ్చింది. రికార్డు కంపెనీవాళ్ళు పిలిచారు. నేనూ వెంట వెళ్ళాను. స్టూడియోలో అప్పటికే ఒక డ్రమ్ములవాడు సిద్ధంగా కూర్చున్నాడు. రికార్డింగ్ చూసే పెద్దాయన అన్నయ్య బేస్‌ను వేలితో తట్టి చూశాడు.

"చూడ్డానికి బాగుంది గానీ గొంతు లేదండీ. మా బేస్ తీసుకోండి. కొట్టొద్దు, డ్రమ్ములున్నాయిగా. మెల్లగా మీటండి చాలు."

వాళ్ళ బేస్‌కు మెడ పూర్తిగా ఉంది. అన్నయ్య వేళ్ళేమో అలవాటైన దూరంలోనే పడ్డాయి. ప్రతి స్వరమూ చోటు తప్పింది. దెబ్బల చప్పుడు లేకపోయేసరికి ఏ తప్పూ దాగలేదు. మళ్ళీ వాయించమన్నారు, మళ్ళీ అంతే.

"అన్నా, ఈ ఒక్క పాటకి వేరేవాళ్ళని పెడతామంటున్నారు," అన్నాడు క్రాపు, నేలచూపులు చూస్తూ.

"పెట్టుకోండ్రా. పాట బాగా రావాలి."

ఆ ఒక్క పాట కాస్తా అన్ని పాటలూ అయింది. ఆ తరవాత అన్నయ్యను ఎవరూ పిలవలేదు.

పెద్ద కచేరీ ముందు క్రాపు మా ఇంటికి వచ్చాడు. కొత్తవాడు వాయించేది గిటార్‌లా భుజానికి తగిలించుకునే ఎలక్ట్రిక్ బేస్ అట. స్టేజి మీద పెద్ద బేస్ లేకపోతే కళ తప్పుతోందట.

"ఊరికే నిలబెడతాం అన్నా," అన్నాడు.

"మనిషి అక్కర్లేదు గానీ మనిషి చేసిన చెక్క కావాలా? సిగ్గుండాలి!" అన్నాను.

అన్నయ్య నన్ను కసిరి, తనే ఒక చివర పట్టుకున్నాడు. మెట్ల మలుపులో, "తల ఇటు వంచు... ఆఁ, ఇప్పుడు దించు," అని క్రాపుకి దగ్గరుండి చెప్పాడు. ఎక్కడా తగలకుండా దిగింది.

కచేరీకి టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళాం. బేస్‌ను స్టేజి నడిమధ్యన నిలబెట్టారు. నిగనిగలాడే నల్లరంగు వేయించారు. అన్నయ్య అరచేయి తెల్లబరిచిన చోటు ఎక్కడుందో నాకు తెలియలేదు. పాట మొదలైంది. అన్నయ్య వేసే ఆ దెబ్బను డ్రమ్ములవాడు అచ్చంగా దించేశాడు. జనం లేచి గంతులేశారు. అన్నయ్య చేయి తొడ మీద తాళం వేయబోయి ఆగిపోయింది.

"బాగా వాయిస్తున్నారు కదూ?" అన్నాడు.

నిజంగానే బాగా వాయిస్తున్నారు. నాకు ఏడుపొచ్చింది అందుకే.